మెదడు స్కానర్‌లో మోటివేషన్‌ను వెతికే పని: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూరోసైంటిస్టును. ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకున్న మనిషికి తన మెదడులో ఒక చిన్న చోట ఏం జరుగుతోందో అప్పటికప్పుడు తెరమీద చూపిస్తాం. దాన్ని తనంతట తాను పెంచుకోగలడా అని చూస్తాం. ఆ చోటు మోటివేషన్‌తో గట్టి సంబంధం ఉన్నది. ఈ మాట చెప్పగానే కొందరు "అయితే ముందు నా బద్ధకం పోగొట్టండి" అంటారు, కొందరు కళ్లు చిట్లించి అనుమానంగా చూస్తారు. నాకు రెండోవాళ్లతోనే బాగా కుదురుతుంది. ఇన్నేళ్లలో స్కానింగ్‌కు వచ్చినవాళ్లు, పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థులు, ఇంట్లోవాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటి?

అద్దం చూడకుండా తల దువ్వుకుంటే పాపిట వంకర పోతుంది. అద్దం ముందుంటే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది, ఎలా సర్దుకుందో మనం చెప్పలేం కూడా. మెదడు విషయంలో ఆ అద్దం లేదు. గుండె దడ తెలుస్తుంది, కడుపులో ఆకలి తెలుస్తుంది, కానీ మెదడులో ఫలానా మూల ఇప్పుడు చురుగ్గా ఉందని లోపలి నుంచి తెలిసే దారి ఏదీ లేదు. ఆ అద్దాన్ని బయటి నుంచి తెచ్చి పెట్టే ప్రయత్నమే న్యూరోఫీడ్‌బ్యాక్.

ఇది కొత్తదేం కాదు. తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలు రాసే ఈఈజీని హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు. జో కామియా ఆ తరంగాలనే వాడి, తమలో ఆల్ఫా తరంగం (కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు ఎక్కువగా వచ్చేది) ఎప్పుడు వస్తోందో మనుషులు కనిపెట్టగలరని, కావాలనుకున్నప్పుడు తెచ్చుకోగలరని 1960లలో చూపించాడు. అదే కాలంలో బారీ స్టెర్మన్ పిల్లులకు ఒక రకం తరంగాన్ని పెంచుకోవడం నేర్పాడు. తర్వాత రాకెట్ ఇంధనం విషప్రభావం మీద ఇంకో ప్రయోగం వచ్చినప్పుడు అవే పిల్లులకు మూర్ఛ ఆలస్యంగా వచ్చింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇది. దేనికోసమో నేర్పింది ఇంకెక్కడో పనికొచ్చింది.

ఎంఆర్ఐతో ఇదే పని చేయడానికి కంప్యూటర్లు వేగం పుంజుకోవాల్సి వచ్చింది. స్కాన్ డేటాను అది వస్తూండగానే లెక్కగట్టే పద్ధతిని రాబర్ట్ కాక్స్ బృందం 1995లో చూపించింది. 2003 నాటికి నికొలాస్ వైస్కోఫ్, నీల్స్ బిర్‌బామర్ తదితరులు మనిషికి తన మెదడు సిగ్నల్‌ను స్కానర్‌లోనే చూపించి శిక్షణ ఇచ్చారు. 2005లో డిచార్మ్స్ బృందం నొప్పికి సంబంధించిన భాగం మీద చేసిన పనితో వార్తాపత్రికలన్నీ మా వైపు తిరిగాయి. ఆ ఉత్సాహంలో కొంత అతి కూడా ఉండేది.

స్కానర్ కొలిచేది డోపమైన్‌నేనా?

కాదు. డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య సందేశాలు మోసే ఒక రసాయనం, అది స్కానర్‌కు కనిపించదు. ఈ ఒక్క ముక్క అందరూ గుర్తుపెట్టుకుంటే నాకు సగం తలనొప్పి తగ్గుతుంది.

ఎఫ్ఎంఆర్ఐ, అంటే మెదడు పనిచేస్తుండగా చూసే ఎంఆర్ఐ, కొలిచేది రక్తాన్ని. మెదడులో ఒక చోట పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం అవసరానికి మించి వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత లక్షణం వేరు. ఈ తేడాతో బొమ్మ తీయవచ్చని సెయ్‌జి ఒగావా 1990లో చూపించాడు. దాన్నే బోల్డ్ సిగ్నల్ అంటాం. మార్పు చాలా చిన్నది, చాలాసార్లు ఒక శాతానికి అటూఇటూ. పైగా ఆలస్యం. మీరు ఇప్పుడు ఒక ఆలోచన చేస్తే దాని తాలూకు సిగ్నల్ శిఖరానికి చేరేది ఐదారు సెకన్ల తర్వాత. అంటే మా "అద్దం"లో మీకు కనిపించే మొహం ఐదారు సెకన్ల పాతది. అలాంటి అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకో మాట. మేం చూసే భాగంలో డోపమైన్ కణాలు ఎక్కువే, కానీ అవొక్కటే కాదు, వేరే రకం కణాలూ ఉంటాయి. అక్కడ సిగ్నల్ పెరిగితే "డోపమైన్ పెరిగింది" అని రాయడానికి లేదు. "డోపమైన్ కణాలుండే చోట చురుకుదనం పెరిగింది" అనే రాయాలి. వినడానికి చప్పగా ఉంటుంది, నిజమే.

అసలు మోటివేషన్ మెదడులో ఎక్కడుంటుంది?

ఒక్క చోట ఉండదు. కానీ ఎక్కడ తవ్వడం మొదలుపెట్టాలి అంటే జవాబుంది.

1954లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నటి తీగ పెట్టి, మీట నొక్కితే దానికి కొద్దిగా కరెంటు అందేలా ఏర్పాటు చేశారు. తీగ కొన్ని చోట్ల ఉన్నప్పుడు ఎలుకలు గంటకు వందలసార్లు మీట నొక్కాయి. చాలాకాలం దాన్ని "ఆనంద కేంద్రం" అన్నారు. 1957లో ఆర్విడ్ కార్ల్సన్ మెదడులో డోపమైన్ తన సొంత పని తాను చేస్తుందని తేల్చాడు, 2000లో నోబెల్ అందుకున్నాడు. దాంతో ఆనందానికీ డోపమైన్‌కూ పీటముడి పడింది. ఆ ముడి ఈనాటికీ జనం మాటల్లో విడలేదు.

దాన్ని విప్పినవాళ్లు ముగ్గురని నేను చెబుతాను. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతులకు పండ్లరసం ఇస్తూ డోపమైన్ కణాలను విన్నాడు. మొదట్లో రసం అందగానే కణాలు మోగేవి. రసానికి ముందు ఒక గుర్తు వస్తుందని కోతి నేర్చుకున్నాక, గుర్తు కనిపించగానే మోగడం మొదలుపెట్టాయి, రసం అందినప్పుడు ఊరుకున్నాయి. గుర్తు వచ్చి రసం రాకపోతే చప్పున తగ్గిపోయాయి. అంటే అవి చెప్పేది "ఎంత బాగుంది" అని కాదు, "అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఎంత" అని. కెంట్ బెరిడ్జ్ "కావాలనిపించడం" వేరు, "నచ్చడం" వేరు అన్నాడు. డోపమైన్ తీసేసిన ఎలుక తీపి నోట్లో పడితే ఇష్టంగానే చప్పరిస్తుంది, కానీ దానికోసం లేచి వెళ్లదు. జాన్ సలమోన్ ఇంకో అడుగు వేశాడు. డోపమైన్ తగ్గిన ఎలుక ఎక్కువ తిండి కోసం గోడ ఎక్కడం మానేసి, గోడ లేని వైపున్న కొద్దిపాటి తిండితో సరిపెట్టుకుంది. ఆకలి పోలేదు, కష్టపడే గుణం పోయింది.

తెలుగులో దీనికి చక్కటి మాట ముందే ఉంది: ఊరించడం. డోపమైన్ తినిపించదు, ఊరిస్తుంది. పరిశోధన పత్రంలో ఈ ఒక్క మాటకు బదులు నేను మూడు పేరాలు రాయాల్సి వస్తుంది.

మీరు ఎంచుకున్న చోటు ఏది, ఎందుకు?

వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా, క్లుప్తంగా వీటీఏ. మెదడు కింది భాగంలో, వెన్నుపాము వైపు దిగే కాండం పైకొసన ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల మేర, అంతే. అక్కడి నుంచి బయల్దేరే తీగలు జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌కు, నిర్ణయాలు తీసుకోవడంలో పాత్ర ఉన్న మెదడు ముందరి భాగానికి, బహుమానం కోసం ఎదురుచూపులో చురుకయ్యే న్యూక్లియస్ అక్యూంబెన్స్‌కు వెళ్తాయి.

నన్ను ఇటు లాగింది 2006లో ఆలిసన్ ఆడ్‌కాక్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగం. స్కానర్‌లో ఉన్నవాళ్లకు దృశ్యాల ఫొటోలు చూపించారు. ప్రతి ఫొటోకూ ముందు, ఇది గుర్తుపెట్టుకుంటే 5 డాలర్లు అనో 10 సెంట్లు అనో చెప్పారు. మర్నాడు పరీక్ష పెడితే 5 డాలర్లవే ఎక్కువ గుర్తున్నాయి. అందులో వింతేముంది? వింత ఇదీ: ఫొటో రాకముందే, ఆ ఎదురుచూపు క్షణాల్లో, వీటీఏ, హిప్పోక్యాంపస్ ఎంత చురుగ్గా ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ ఫొటో మర్నాడు గుర్తుంటుందో లేదో తెలిసింది. అంటే నేర్చుకోవడానికి మెదడు ముందే సిద్ధమై కూర్చుంటోంది. మరి డబ్బు ఆశ చూపకుండానే ఆ సిద్ధపాటును మనిషి తనంతట తాను తెచ్చుకోగలడా? నా ఉద్యోగ జీవితం అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టే తిరిగింది.

జవాబు దొరికిందా?

కొంత. 2013లో జేమ్స్ సుల్జర్ తదితరులు ఈ ప్రాంతంలోనే ప్రయత్నించారు. తెరమీద సిగ్నల్ చూస్తున్నంతసేపు జనం దాన్ని పెంచగలిగారు. తెర తీశాక ఆ నేర్పు నిలిచినట్టు కనిపించలేదు. 2016లో జెఫ్ మెకిన్నెస్, ఆడ్‌కాక్ తదితరుల పత్రం వచ్చింది. వాళ్లు ముందుగా తెర ఏమీ లేకుండా "మిమ్మల్ని మీరు మోటివేట్ చేసుకోండి" అన్నారు. ఎంత ఉత్సాహం తెచ్చుకున్నా వీటీఏ ఉలకలేదు, పలకలేదు. తర్వాత థర్మామీటర్ లాంటి బొమ్మలో వీటీఏ సిగ్నల్ చూపిస్తూ 20 సెకన్ల విడతలుగా శిక్షణ ఇచ్చారు. ఆపైన తెర తీసేసి మళ్లీ పరీక్షిస్తే ఈసారి పెంచగలిగారు.

అదే పత్రంలో ఇంకో గుంపుకు వేరేవాళ్ల సిగ్నల్‌ను వీళ్లదేనన్నట్టు చూపించారు, మరో గుంపుకు వీటీఏ బదులు న్యూక్లియస్ అక్యూంబెన్స్ సిగ్నల్ చూపించారు. ఆ గుంపులకు ఈ నేర్పు రాలేదు. నన్ను అడిగితే ఆ పత్రం విలువంతా ఈ పోలిక గుంపుల్లోనే ఉంది.

మొదటి ఫలితం మీద ఒక మాట చెప్పకుండా ఉండలేను. మోటివేట్ చేసుకున్నామని మనకు గట్టిగా అనిపించినప్పుడు కూడా ఆ భాగం కదలలేదు. మనకు లోపల అనిపించేదానికీ అక్కడ జరిగేదానికీ అంత దూరం ఉందన్నమాట.

సెషన్ ఎలా జరుగుతుంది?

ముందు ఫారం. ఒంట్లో పేస్‌మేకర్ ఉందా, లోహపు ముక్కలున్నాయా, వెల్డింగ్ పని ఎప్పుడైనా చేశారా అని అడుగుతాం. మా స్కానర్ 3 టెస్లా. భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 60,000 రెట్లు. అది రాత్రీపగలూ ఆన్‌లోనే ఉంటుంది. జేబులో మరిచిపోయిన తాళంచెవి గుంజుకుపోతుంది.

తర్వాత చెవుల్లో ప్లగ్గులు, తల చుట్టూ స్పాంజి దిండ్లు, మొహం మీదికి పంజరం లాంటి కాయిల్, దానికి చిన్న అద్దం. ఆ అద్దంలోంచి తల వెనకున్న తెర కనిపిస్తుంది. చేతిలో రబ్బరు బంతి పెడతాం, భయమేస్తే నొక్కాలి, వెంటనే బయటికి తీస్తాం. స్కానర్ చప్పుడు రోడ్డు డ్రిల్లింగ్ లాంటిది. విచిత్రంగా, సగంమందికి అందులో నిద్ర వస్తుంది. "ఉత్సాహం తెచ్చుకోండి" అని తెరమీద రాసి ఉంటే కింద మనిషి గురక పెట్టడం నేను చూశాను.

మొదట మెదడు నిర్మాణం బొమ్మ తీసి, అందులో వీటీఏ ఎక్కడుందో గుర్తిస్తాం. ఆ గుర్తును మాస్క్ అంటాం. తర్వాత విడతలు: కొంతసేపు అంకెలు లెక్కపెట్టడం, తర్వాత "పెంచండి" అన్న మాట, పక్కన సిగ్నల్ ఎంతుందో చూపించే బార్. దాదాపు రెండు సెకన్లకోసారి స్కానర్ ఒక కొత్త బొమ్మ ఇస్తుంది, కంప్యూటర్ తల కదలికను సరిచేసి, మాస్క్‌లోని సగటు తీసి, బార్‌ను జరుపుతుంది. గంటన్నర అయ్యేసరికి మనిషి అలసిపోతాడు. మేమూ అంతే.

లోపల పడుకుని ఏం ఆలోచించాలి?

మేం చెప్పం. కొన్ని ఉదాహరణలిచ్చి వదిలేస్తాం. ఒకరు పరుగు పందెం చివరి మలుపు ఊహించుకుంటారు, ఒకరు పుట్టబోయే బిడ్డను, ఒకరు బాస్ ముందు నిలబడి రాజీనామా ఇవ్వడాన్ని. తర్వాత ఇంటర్వ్యూలో వాళ్లు చెప్పినవి విని నేర్చుకున్నది ఒకటుంది: గెలిచినట్టు ఊహించుకోవడం కన్నా, గెలుపు ఇంకో అడుగు దూరంలో ఉన్నట్టు ఊహించుకోవడం పనిచేసిందని చాలామంది అంటారు. ఇది నా గమనిక మాత్రమే, రుజువైన విషయం కాదు. కానీ షుల్ట్జ్ కోతుల కథ గుర్తున్నవాళ్లకు ఆశ్చర్యం కలగదు.

బార్ పైకి వెళ్తే పని అయినట్టేనా?

నేను పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధకుడిగా, చేరిన మొదటి ఏడాది ఒకాయన వచ్చాడు. మొదటి విడత నుంచే బార్ పై అంచుకు తగులుతోంది. కంట్రోల్ రూమ్‌లో మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎవరో ఫొటో కూడా తీశారు. పక్క మానిటర్‌లో ఛాతీకి కట్టిన బెల్టు నుంచి వచ్చే గీత ఒకటి పరుగెడుతూ ఉంటుంది, కెరటాల్లా పైకీ కిందికీ. దాన్ని ఎవరూ చూడడంలేదు. మూడో విడతలో టెక్నీషియన్ వేలు పెట్టి చూపించింది. "పెంచండి" అన్న మాట రాగానే ఆ గీత చదునైపోతోంది, విడత అయ్యాక మళ్లీ కెరటాలు.

ఆయన ఊపిరి బిగబడుతున్నాడు. ఊపిరి ఆపితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడులో రక్తనాళాలు విచ్చుకుంటాయి, బోల్డ్ సిగ్నల్ మెదడంతా పెరుగుతుంది. మోటివేషన్‌కూ దానికీ సంబంధం లేదు. ఆయనకూ తెలియదు. బయటికొచ్చి "గట్టిగా పట్టుబట్టాను" అన్నాడు నిజాయితీగా.

అప్పటి నుంచి ఊపిరి, గుండె కొట్టుకోవడం రికార్డు చేయకుండా ఒక్క స్కానూ చేయలేదు. వీటీఏ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మెదడు కాండం ప్రతి గుండె చప్పుడుకూ కొద్దిగా కదులుతుంది, పక్కనే పెద్ద రక్తనాళాలున్నాయి. అందుకే ఎవరైనా "బార్ పెరిగింది" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న "పోలిక గుంపులో ఏమైంది?" అని. అబద్ధపు ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన గుంపు, మెదడులో వేరేచోటు చూపించిన గుంపు లేకపోతే ఆ ఫలితం నా దృష్టిలో సగమే. ఇలాంటి పత్రాల్లో ఏమేం చెప్పి తీరాలో 2020లో పరిశోధకులు కలిసి ఒక చెక్‌లిస్టు కూడా పెట్టుకున్నారు.

అందరికీ ఇది వస్తుందా?

రాదు. కొంతమందికి ఎన్నిసార్లు చేసినా బార్ కదలదు. తెలివికీ పట్టుదలకూ దీనితో పొత్తు ఉన్నట్టు నాకు కనిపించలేదు.

పనులు వాయిదా వేయడం నా అలవాటు. ఇది చేయించుకుంటే పోతుందా?

ఇప్పుడున్న స్థితిలో ఎవరైనా పోతుందని చెబితే నమ్మకండి. స్కానర్‌లో వీటీఏ సిగ్నల్ పెంచుకోవడం నేర్చుకున్నవాడు సోమవారం పొద్దున ఆఫీసు రిపోర్టు మొదలుపెడతాడా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. సిగ్నల్ నుంచి నడవడిక దాకా ఉన్న ఆ దూరం మీదే ఇప్పుడు ఎక్కువ పని జరగాలి.

ఇంకోటి. వాయిదా వేయడానికి కారణం ప్రతిసారీ మోటివేషన్ లేకపోవడం కాదు. భయం కావచ్చు, నిద్ర చాలకపోవడం కావచ్చు, ఆ పని నిజంగానే పనికిమాలినది కావచ్చు. "చేయబుద్ధి కావడం లేదు" అన్న ఒకే మాట వెనక ఇన్ని ఉంటాయి. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకుండా, ఇష్టమైనవి కూడా చప్పగా అనిపిస్తుంటే అది బద్ధకం కాదు, డాక్టరుకు చూపించుకోవాల్సిన విషయం.

జబ్బులకు పనికొస్తుందా?

ఆశ ఉంది, మందుల షాపులో దొరికే స్థాయికి రాలేదు. డిప్రెషన్ ఉన్నవాళ్లకు అమిగ్డలా (భావోద్వేగాలతో సంబంధమున్న మెదడు భాగం) సిగ్నల్ చూపిస్తూ మంచి జ్ఞాపకాలు తలుచుకోమన్న ప్రయోగాన్ని కింబర్లీ యంగ్ బృందం 2017లో ప్రచురించింది. పోలిక గుంపుకు భావోద్వేగాలతో సంబంధంలేని వేరే భాగం చూపించారు. అమిగ్డలా గుంపులో లక్షణాలు ఎక్కువ తగ్గాయి. పార్కిన్సన్స్ రోగులతో, కదలికలను నడిపే భాగం మీద, 2011లో లీనా సుబ్రమణియన్, డేవిడ్ లిండెన్ తదితరులు చేసిన చిన్న అధ్యయనం కూడా ఆశ కలిగించింది. రెండూ చిన్న గుంపులతో చేసినవే. పెద్ద ఎత్తున, వేర్వేరు చోట్ల మళ్లీ చేసి అదే ఫలితం వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంట్లో వాడే హెడ్‌బ్యాండ్లు కొనవచ్చా?

నుదుటిమీద రెండు మూడు ఎలక్ట్రోడ్లు ప్రధానంగా వినేది మెదడు పైపొరను, దానితోపాటు మీ కనురెప్పల, దవడ కండరాల చప్పుడును. తల నడిమధ్యలో ఎక్కడో లోతునున్న వీటీఏ వాటికి అందదు. ప్రశాంతంగా కూర్చునే అలవాటుకు అది ఒక సాకైతే మంచిదే. "డోపమైన్ పెంచుతుంది" అని పెట్టెమీద రాసి ఉంటే పెట్టె తిరిగి షాపులో పెట్టేయండి.

మరి డోపమైన్ డిటాక్స్?

ఒకరోజు ఫోన్ పక్కన పడేస్తే హాయిగా ఉంటుంది. దానివల్ల ఒంట్లోంచి డోపమైన్ "కడిగేసినట్టు" కాదు. నిజంగా కడిగేస్తే మీరు మంచం మీంచి లేవలేరు.

డబ్బిస్తే మోటివేషన్ పెరుగుతుందని మీ ప్రయోగాలే చెబుతున్నాయిగా?

పెరుగుతుంది, తర్వాత కొన్నిసార్లు బెడిసికొడుతుంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత ఖాళీగా వదిలేస్తే, ఆ పిల్లలే మిగతావాళ్లకన్నా తక్కువసేపు బొమ్మలు గీశారు. ఆట కాస్తా కూలిపని అయిపోయింది.

అందుకే నాకు 2014లో మథియాస్ గ్రూబర్, చరణ్ రంగనాథ్ తదితరులు చేసిన ప్రయోగం అంటే ఇష్టం. క్విజ్ ప్రశ్న అడిగి, జవాబు కోసం కాసేపు ఆపి, ఆ మధ్యలో ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటో ఒకటి చూపించారు. తెలుసుకోవాలన్న కుతూహలం బాగా ఉన్న ప్రశ్నల మధ్య వచ్చిన మొహాలు కూడా తర్వాత ఎక్కువ గుర్తున్నాయి. ఆ ఎదురుచూపులో చురుకైనవి డబ్బు ఆశ చూపినప్పుడు చురుకయ్యే ప్రాంతాలే. పైసా ఖర్చు లేకుండా.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

నాతో పనిచేసినవాళ్లలో సైకాలజీ చదివినవాళ్లున్నారు, డాక్టర్లున్నారు, ఫిజిక్స్ నుంచి, ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్లున్నారు. ఏ దారిన వచ్చినా మూడు విషయాల దగ్గర అందరూ తడబడతారు: కోడ్ రాయడం, స్టాటిస్టిక్స్, మనుషులతో ఓపికగా మాట్లాడడం. మూడోది సిలబస్‌లో ఉండదు. స్కానర్‌లో టెన్షన్ పడుతున్న మనిషికి ధైర్యం చెప్పలేనివాళ్ల డేటా ఎప్పుడూ చెత్తగానే వస్తుంది, తల కదులుతూనే ఉంటుంది.

పైథాన్ నేర్చుకోండి. స్కాన్ డేటాను విశ్లేషించే ఎస్‌పీఎం, ఎఫ్ఎస్ఎల్, ఆఫ్ని లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. రియల్‌టైమ్ పనికి ఓపెన్ఎన్ఎఫ్‌టీ ఉంది. వాళ్లూవీళ్లూ బహిరంగంగా పెట్టిన స్కాన్ డేటా బోలెడుంది. స్కానర్ చుట్టుపక్కల లేకపోయినా ఆ డేటాతోనే సగం విద్య వస్తుంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, తర్వాత పోస్ట్‌డాక్‌గా ఇంకో మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి రెండు మూడు చోట్ల. సొంత ల్యాబ్ అందరికీ దొరకదు. దొరకనివాళ్లలో చాలామంది డేటా సైన్స్ వైపో, వైద్య పరికరాల కంపెనీలవైపో వెళ్తారు. వెళ్లడం ఓటమేం కాదు. ఆ మాట ల్యాబుల్లో ఎవరూ పైకి అనరు కాబట్టి నేను అంటున్నాను.

రోజూ స్కానర్ దగ్గరే ఉంటారా?

వారంలో ఒకటి రెండు రోజులు, అదీ తరచుగా సాయంత్రాలూ ఆదివారాలూ. పగలు స్కానర్ రోగులకు కావాలి. మిగతా సమయం కోడ్, మీటింగులు, ఎథిక్స్ కమిటీకి కాగితాలు, గ్రాంటు దరఖాస్తులు. దూరపు కొండలు నునుపు.

ఫలితం రాకపోతే ఏం చేస్తారు?

ఒకసారి రెండేళ్ల పని సున్నా అయింది. పదకొండు మందిని స్కాన్ చేశాక ఎవరి బార్‌లోనూ నేర్చుకున్న జాడ లేదు. కోడ్ మొత్తం మళ్లీ ఒక్కో లైను చదివాను. నేను రాసిన ఒక మార్పిడి లైనులో తప్పుంది, మాస్క్ రెండు వోక్సెళ్లు పక్కకు జరిగింది. వోక్సెల్ అంటే మూడు మిల్లీమీటర్ల ఘనం, మా బొమ్మలో చిన్న ఇటుక. వీటీఏ ఉన్నదే కొన్ని ఇటుకలు. అంటే ఆ పదకొండు మంది తలా గంటన్నర పడుకుని, మెదడు కాండం పక్కన నిలిచే ద్రవాన్ని మోటివేట్ చేయడానికి ప్రయత్నించారు. పాపం, ఒకరిద్దరు పైకి లేపారు కూడా. ఆ డేటా పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాం.

మా రంగానికి ఇలాంటి చెంపదెబ్బలు అవసరమే. క్రెయిగ్ బెన్నెట్ బృందం చనిపోయిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, సరైన సవరణలు లేని లెక్కలతో చూస్తే చేప మెదడు "స్పందించింది". 2012లో వాళ్లకు ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. 2016లో ఆండర్స్ ఎక్లుండ్ బృందం అందరం వాడే లెక్కల పద్ధతుల్లోనే లోపాలు చూపించింది. కొత్తగా చేరే విద్యార్థులకు నేను ముందు చదివించేవి ఇవే.

మనిషికి తెలియకుండా మెదడును మార్చవచ్చా?

కొంతవరకు, అవును. 2011లో షిబాటా, వతనబే, కవాటో తదితరులు ఒక ప్రయోగం చేశారు. తెరమీద ఒక వృత్తం, దాన్ని ఎలాగోలా పెద్దది చేయమన్నారు, అంతే చెప్పారు. నిజానికి చూపుకు సంబంధించిన భాగంలో, ఒక ఫలానా వాలున్న గీతలను చూసినప్పుడు వచ్చే నమూనాకు దగ్గరైనకొద్దీ వృత్తం పెద్దదవుతోంది. తమకు ఏం నేర్పుతున్నారో తెలియకుండానే ఆ గీతలను గుర్తించడంలో వాళ్లు మెరుగయ్యారు. చదివిన రోజు గగుర్పాటు కలిగింది. గీతల విషయంలో పర్వాలేదు. ఇష్టాయిష్టాల విషయంలో? అందుకే మోటివేషన్ మీద పనిచేసేవాళ్లు ఎథిక్స్ కమిటీని అడ్డంకిగా చూడకూడదని నా అభిప్రాయం. మీ ఆలోచనలను మేం చదవగలమా అంటే మాత్రం, లేదు. మీరు రాజీనామా ఊహించుకున్నారో పందెం ఊహించుకున్నారో మీరు చెబితేనే తెలుస్తుంది.

మీ బార్ ఎంత పైకి వెళ్లింది?

ఎవరైనా అడగాలని ఎదురుచూసే ప్రశ్న ఇది. కొత్త ప్రయోగం మొదలయ్యే ముందు ల్యాబ్‌వాళ్లమే లోపల పడుకుని పరీక్షిస్తాం. ఒక ఆదివారం నా వంతు. మొదటి రెండు విడతలు బార్ చచ్చినట్టు పడుంది. మూడోదాంట్లో కొద్దిగా కదిలింది. నాలుగోదాంట్లో, చిన్నప్పుడు సైకిల్ వెనక పట్టుకున్న చెయ్యి వదిలేసిన క్షణాన్ని తలుచుకున్నాను, బార్ నున్నగా పైకి లేచింది. ఐదు, ఆరు విడతలూ అంతే. ఎప్పుడు లేస్తుందో నాకు ముందే తెలుస్తోంది. లోపల ఏదో మీట చేతికి తగిలినంత స్పష్టంగా.

బయటికొచ్చి ఉత్సాహంగా ఆ సైకిల్ సంగతి అంతా చెప్పాను. కంట్రోల్ ప్యానెల్ దగ్గరున్న మా పీహెచ్‌డీ అమ్మాయి చివరిదాకా విని, కాస్త మొహమాటంగా అంది: "సార్, ఇవాళ పరీక్షించింది పోలిక గుంపు వెర్షన్. మీరు చూసింది పోయిన గురువారం వచ్చినావిడ బార్."